లింఫోమాను రెండుగా చీల్చిన పేపర్: సైటేషన్లు సరే, చికిత్స మారిందా?

సందేహి:
డిఫ్యూజ్ లార్జ్ బి-సెల్ లింఫోమాలో (బి-కణాలనే తెల్లరక్తకణాల్లో పుట్టే క్యాన్సర్) పరిశోధకుడు లూయీ స్టౌట్ ప్రభావం అనగానే అందరూ చూపించేది 2000 నాటి నేచర్ పేపర్‌కున్న వేల సైటేషన్లు. నేను వాటిని ప్రభావంగా లెక్కపెట్టను. మైక్రోస్కోపు కింద ఒకే జబ్బుగా కనిపించేది జన్యువుల పనితీరు చూస్తే రెండని అలీజాదే, స్టౌట్ బృందం అందులో తేల్చింది: లింఫు గ్రంథిలోని జెర్మినల్ సెంటర్‌లో ఉండే బి-కణాన్ని పోలిన రకం (జీసీబీ), ఉత్తేజితమైన బి-కణాన్ని పోలిన యాక్టివేటెడ్ రకం (ఏబీసీ). ఐదేళ్లకు బతికున్నవాళ్లు మొదటిదాంట్లో 76 శాతం, రెండోదాంట్లో 16. ఇంత తేడా తెలిసి ఇన్నేళ్లయినా రెండింటికీ చాలాచోట్ల మొదలుపెట్టేది అదే ఆర్-చాప్ అనే ఐదు మందుల కలయిక: చదరపు మీటరుకు రిటుక్సిమాబ్ 375 మి.గ్రా., సైక్లోఫాస్ఫమైడ్ 750, డాక్సోరుబిసిన్ 50, విన్‌క్రిస్టిన్ 1.4 (మొత్తం 2 మి.గ్రా. దాటకుండా), ఐదు రోజులు ప్రెడ్నిసోలోన్, 21 రోజులకో సైకిల్.

దీని పక్కన 2002లో కోయిఫియే బృందం ఇచ్చిన ఫలితం పెట్టి చూడండి. 60 నుంచి 80 ఏళ్ల రోగులు 399 మంది. రెండేళ్లకు బతికున్నవాళ్లు చాప్‌తో (రిటుక్సిమాబ్ లేని మిగతా నాలుగు మందులు) 57 శాతం, రిటుక్సిమాబ్ కలిపితే 70. దాంతో మందుల చీటీయే మారిపోయింది. ప్రభావమంటే అదీ.

కణజాలం:
సందేహి గారూ, చీటీ ఒక్కటే చూస్తే సగం పని కనపడదు. సైటేషన్లను గంపగుత్తగా లెక్కేస్తే ఏమీ తెలియదన్నది ఒప్పుకుంటాను. ఆ పేపర్లు తెరిచి, ఉపోద్ఘాతంలో ఒక వాక్యం కోసం పేరు చెప్పినవి, పద్ధతిని వాడుకున్నవి, ఆ ప్రతిపాదనను పరీక్షకు పెట్టినవి విడదీయాలి. మూడో రకం చూడండి. ఏబీసీ కణాలు బతకడానికి ఎన్ఎఫ్-కప్పా-బి (కణాన్ని బతికించే జన్యువులను పనిచేయించే ప్రోటీన్) కావాలని 2001లో, వాటిలో బి-సెల్ రిసెప్టర్ (కణం పైనుండే గ్రాహకం) సంకేతం ఆగకుండా నడుస్తుందని 2010లో స్టౌట్ ప్రయోగశాలే చూపింది. ఆ సంకేతాన్ని అడ్డుకునే ఇబ్రుటినిబ్ మందును ఈ జబ్బులో ప్రయత్నించడానికి ఆధారం అదే. 2015లో, జబ్బు తిరగబెట్టిన లేదా మందుకు లొంగని రోగుల్లో ఆ మందుకు స్పందన ఏబీసీకి 37 శాతం, జీసీబీకి 5.

ఆ తర్వాత ఆర్-చాప్‌కు ఇలాంటి మందులు కలిపి చూసిన పెద్ద ట్రయల్స్ దెబ్బతినడానికి రకాన్ని తేల్చే పరీక్షే కారణమని నా అభిప్రాయం. ఆసుపత్రిలో దొరికేది ఫార్మలిన్‌లో ఉంచిన ముక్క, అందుకే ఆ ముక్కలో ప్రోటీన్లకు రంగు పట్టించి రకం చెప్పే 2004 నాటి హాన్స్ పద్ధతి నిలబడింది. సీడీ10 అనే ప్రోటీన్ రంగు కనీసం 30 శాతం కణాల్లో పడితే జీసీబీ. పడకపోతే బీసీఎల్6 అనే ఇంకో ప్రోటీన్ చూడాలి. అదీ లేకపోతే నాన్-జీసీబీ. బీసీఎల్6 ఉంటే ఎంయూఎం1 అనే మూడో ప్రోటీన్‌తో తేల్చాలి: ఉంటే నాన్-జీసీబీ, లేకపోతే జీసీబీ. ఎక్కువ చిక్కు బీసీఎల్6 దగ్గరే. ముక్క సరిగా ఫిక్స్ కాకపోతే కేంద్రకంలో రంగు పలచబడుతుంది. అది 25 శాతమా, 35 శాతమా అన్నది చూసే కన్నును బట్టి మారుతుంది, దాంతో రకమే మారిపోవచ్చు. పైగా ఏ రకానికీ చెందని కేసులను కూడా ఈ పద్ధతి ఏదో ఒకదాంట్లో నెట్టేస్తుంది.

ట్రయల్ బల్ల:
హాన్స్ లోపాలు నిజమే. ట్రయల్ ఓడిపోవడానికి మాత్రం అవి కారణం కావు. ఫీనిక్స్ ట్రయల్‌లో 838 మంది నాన్-జీసీబీ రోగులకు ఆర్-చాప్‌తో పాటు ఇబ్రుటినిబ్ గానీ ప్లాసిబో గానీ ఇచ్చారు. జన్యు పరీక్ష ఫలితం వచ్చినవాళ్లలో సుమారు ముప్పాతిక మంది నిజంగానే ఏబీసీ. హజార్డ్ రేషియో (రెండు గుంపుల ముప్పుల నిష్పత్తి, 1కి దగ్గరైతే తేడా లేనట్టే) మొత్తం మీద 0.934, ఆ ఏబీసీ వాళ్లలో 0.949. పరీక్ష పదునెక్కినా ఫలితం కదల్లేదన్నమాట. తేడా వయసు దగ్గర వచ్చింది: 60 లోపువాళ్లకు మేలు జరిగింది, ఆ పైవాళ్లకు దుష్ప్రభావాలు పెరిగి ఆర్-చాప్ సైకిళ్లే తగ్గిపోయాయి. జబ్బు నయం చేసే మందు తగ్గాక, పక్కన ఏం కలిపినా ఆ నష్టం పూడదు. రోబస్ట్ ట్రయల్ ముందే జన్యు పరీక్షతో ఏబీసీని ఎంచుకుని ఆర్-చాప్‌కు లెనాలిడోమైడ్ అనే మందు కలిపింది. అదీ నెగ్గలేదు.

ఇక్కడ సందేహి గారికీ ఒక మాట. ఆర్-చాప్‌కు బోర్టెజోమిబ్ అనే మందు కలిపిన రీమోడల్-బి ట్రయల్ 2019లో తేడా లేదంది. ఐదేళ్ల లెక్క వచ్చేసరికి ఏబీసీలో బతికున్నవాళ్లు 67 శాతం నుంచి 80కి పెరిగారు. తొందరపడి మూసేసిన తలుపులు కొన్ని ఉన్నాయి.

సందేహి:
ఆ 80 శాతం చూశాక కూడా బోర్టెజోమిబ్ ప్రామాణిక చికిత్సలోకి రాలేదు. ఆర్-చాప్‌లో విన్‌క్రిస్టిన్ బదులు పోలాటుజుమాబ్ వెడోటిన్ మందు పెట్టిన పోలారిక్స్‌ ట్రయల్ రోగులను ఎంచుకున్నది కణం పుట్టుకను (జీసీబీ, ఏబీసీ) బట్టి కాదు, జబ్బు ముప్పును అంచనా వేసే ఐపీఐ స్కోరు 2 నుంచి 5 వరకు ఉందా అని. రెండేళ్లకు జబ్బు ముదరకుండా ఉన్నవాళ్లు కొత్త మందుతో 76.7 శాతం, ఆర్-చాప్‌తో 70.2. మొత్తం బతుకుదలలో తేడా రాలేదు.

కణజాలం:
ఆ పోలారిక్స్‌లోనే మేలు ఎక్కువగా కనిపించింది ఏబీసీలో. ఇంకో సంగతి, స్టౌట్ బృందం రెండు రకాల దగ్గర ఆగిపోలేదు. 2018లో ఉత్పరివర్తనాలను బట్టి ఎంసీడీ, బీఎన్2, ఎన్1, ఈజెడ్‌బీ అని విడదీసింది. ఫీనిక్స్ నమూనాలనే 2021లో ఆ కళ్లతో మళ్లీ చూస్తే, 60 లోపు వయసున్న ఎంసీడీ, ఎన్1 రోగుల్లో ఇబ్రుటినిబ్ తీసుకున్నవాళ్లు మూడేళ్లకు 100 శాతం ఏ అవాంతరమూ లేకుండా ఉన్నారు. ఆర్-చాప్ మాత్రమే తీసుకున్నవాళ్లలో 42.9, 50 శాతం.

ట్రయల్ బల్ల:
ఆ గుంపులు చిన్నవి, వెనక్కి తిరిగి ఏరినవి. వాటి మీద చీటీ రాయకూడదు. నాకు బరువైన ఆధారంగా కనిపించేది గైడెన్స్-01 ట్రయల్: 128 మంది, జన్యు రకాన్ని బట్టి మందు కలిపితే పూర్తి స్పందన 88 శాతం, ఆర్-చాప్‌కు 66. రెండో దశ ట్రయల్ కాబట్టి మూడో దశ నడవాలి. అందులో ఒక నియమం తప్పకూడదు: మొదటి ఆర్-చాప్ సైకిల్ ఎవరికోసమూ ఆగకూడదు, జన్యు ఫలితం రెండో సైకిల్ లోపు చేతికి రావాలి. ఫలితం వచ్చేదాకా ఆగగలిగినవాళ్లనే చేర్చుకుంటే జబ్బు నెమ్మదిగా ఉన్నవాళ్లే మిగులుతారు, ఉధృతంగా ఉన్న ఏబీసీ రోగులు జాబితాలోకే రారు.