‘ఉర్న’: నీళ్ళ బిందెనా, బూడిద కలశమా?

సందేహి: లాటిన్ ‘ఉర్న’ అనగానే అస్థికల కలశమే గుర్తొస్తుంది. ‘ఉరెరె’ అంటే కాల్చడం. కాల్చగా మిగిలింది పెట్టేది ఉర్న. ఇంత సూటిగా కుదురుతుంటే, ఉర్న ‘ఉరెరె’ నుంచే పుట్టిందంటే పండితులు ఎందుకు ఒప్పుకోరు? రోమన్ కవి ఓవిడ్ చెప్పిన ప్రేమికులు పిరమస్, థిస్బీల కథ ఇద్దరి అవశేషాలూ ఒకే ఉర్నలో చేరడంతోనే ముగుస్తుంది. ట్రాజన్ చక్రవర్తి ఎముకల్ని బంగారు ఉర్నలో పెట్టి రోమ్‌లోని ఆయన స్తంభం కింద ఉంచారని చరిత్రకారుడు యూట్రోపియస్ రాశాడు.

బావిగట్టు: అవన్నీ తర్వాతి కాలానివండీ. క్రీ.పూ. 184లో చనిపోయిన రోమన్ హాస్య నాటకకర్త ప్లాటస్ రాసిన ‘రుడెన్స్’ నాటకం చూడండి. ప్రేమదేవత వీనస్ గుడి పూజారిణి ఆంపెలిస్కా అనే అమ్మాయిని పక్కింటికి నీళ్ళకు పంపుతుంది. ఆమె చేతిలో ఉన్నది ఉర్నే. ఆ ఇంటి బానిస నీళ్ళు నింపుకొని వచ్చేసరికి పిల్ల మాయం! గుడి సొత్తుతో దొరికిపోతానని వాడికి ఒకటే టెన్షన్. ఎందుకంటే దాని మీద అక్షరాలున్నాయి, ఎవరిదో అదే పాడి చెబుతుంది అంటాడు. మనం స్టీలు బిందెల మీద పేర్లు కొట్టించుకున్నట్టే. ఈ సీన్‌లో బూడిద ఎక్కడుంది?

పైగా ఉర్న ఒక కొలత కూడా. ఆంఫొరా అనే రోమన్ కొలతలో సగం, అంటే దాదాపు 13 లీటర్లు. రోమన్ పండితుడు వర్రో కూడా దీన్ని నీళ్ళకే ముడిపెట్టాడు: తోడేటప్పుడు నీళ్ళలో మునుగుతుంది, ‘ఉరినారె’ అంటే మునగడం, కాబట్టి ఉర్న అని.

సందేహి: వర్రోది ధ్వని పోలికే కదా. ఆయన చేస్తే శాస్త్రం, నేను చేస్తే ఊహా?

మూలధాతువు: రెండూ ఊహలే, కానీ మీది ధ్వని సూత్రాల దగ్గర ఆగిపోతుంది. ‘ఉరెరె’లోని ‘ర’ అసలు ‘స’. అందుకే కాలినది ‘ఉస్తుస్’. ‘న’ ముందు ‘స’ వస్తే లాటిన్‌లో అది ‘ర’ కాదు, పూర్తిగా పోయి ముందు అచ్చు దీర్ఘమవుతుంది. నెరిసిన అనే అర్థమున్న ‘కానుస్’ ఒకప్పటి ‘కస్నొస్’. ఆ లెక్కన ‘ఉస్న’ నుంచి ‘ఊన’ రావాలి, ‘ఉర్న’ రాదు.

కూజాను లాటిన్‌లో ‘ఉర్కెయుస్’ అంటారు. ‘ఉర్క్‌న’లో మధ్య ‘క’ రాలిపోతే ఉర్న. ఓక్ చెట్టు ‘క్వెర్కుస్’ నుంచి ‘క్వెర్నుస్’ అనే విశేషణం ఇలాగే వచ్చింది. నాకు ఇదే నమ్మదగ్గ దారి.

కొత్తసభ్యుడు: మన ఊర్ణనాభి (సాలెపురుగు)లోని ‘ఊర్ణ’తో ఏమైనా లింకుందా?

మూలధాతువు: లేదండీ. అది ఉన్ని. దాని లాటిన్ చుట్టం ‘లాన’.

బావిగట్టు: చీటీల సంగతి మరిచాం. రోమన్ కవి హొరేస్ పద్యంలో అందరి చావు చీటీలూ ఉర్నలోనే కదులుతుంటాయి, ముందో వెనకో బయటపడక తప్పదు. న్యాయమూర్తుల ఓట్లు పడిందీ ఉర్నలోనే. ఇటాలియన్, స్పానిష్ భాషల్లో బ్యాలెట్ పెట్టెకు నేటికీ అదే మాట.

సందేహి: ‘ఉర్కెయుస్’ మరి ఎక్కడిది?

మూలధాతువు: గ్రీకులో ‘హూర్ఖే’ అని ఊరబెట్టిన సరుకు దాచే జాడీ ఉంది. రెండూ మధ్యధరా తీరపు ఇంకేదో భాష నుంచి అరువు తెచ్చుకున్నవి కావచ్చని కొందరి అభిప్రాయం. అక్కడ చర్చ తెగలేదు.

సందేహి: వ్యుత్పత్తి ఏదైనా కానివ్వండి. చితి పక్కన నిలబడ్డ రోమన్ చెవికి ఉర్నలో ‘ఉరెరె’ వినబడకుండా ఉంటుందా?

బావిగట్టు: వినబడిందని రాసిన రోమన్ ఒక్కడిని చూపించండి. వర్రో లాంటి మాటల పిచ్చివాడికే ఆ పోలిక తట్టలేదు.