ఉత్తర సముద్రంలో చలికాలం కైటింగ్: ఆడవాళ్ళకి వెట్‌సూటా, డ్రైసూటా?

కొత్తకైట్_జీలాండ్
అందరికీ నమస్తే. ఉండేది నెదర్లాండ్స్, కైటింగ్ (పెద్ద గాలిపటం లాగుతుంటే బోర్డు మీద నీళ్ళపై జారే ఆట) చేసేది బ్రౌవర్స్‌డామ్ అనే సముద్రపు ఆనకట్ట దగ్గర. ఇప్పుడున్నది 4/3 (ఒంటికి 4, చేతులకీ కాళ్ళకీ 3 మిల్లీ మందం) బ్యాక్ జిప్ వెట్‌సూట్, అంటే లోపలికి కాస్త నీళ్ళు వచ్చే రబ్బరు సూటు, అక్టోబరు దాటితే పనికిరావట్లేదు. ఎత్తు 158, బరువు 56, నడుము సన్నం, తుంటి వెడల్పు. నవంబరు నుంచి మార్చి దాకా ఆపకుండా దిగాలంటే 5/4 సరిపోతుందా, 6/5 కావాలా, నేరుగా నీళ్ళు లోపలికే రాని డ్రైసూటే కొనాలా? గ్లవ్స్ ఎంత మందం? సెకండ్ హ్యాండ్ కొనొచ్చా? బడ్జెట్ ఎంత పెట్టుకోవాలి?

ఉత్తరగాలి
6/5, చెస్ట్ జిప్, తల కప్పే హుడ్ కలిసి ఉన్నది తీసుకోండి. ఫిబ్రవరిలో సముద్రం 5 డిగ్రీల దాకా దిగుతుంది. ఆనకట్ట లోపలి గ్రేవెలింగెన్ సరస్సు వైపు లోతు తక్కువ చోట్ల ఇంకా త్వరగా చల్లబడుతుంది. కైటింగ్‌లో ఎక్కువసేపు నీళ్ళ పైనే ఉంటాం, కాబట్టి అసలు దెబ్బ గాలిది. గాలి 5 డిగ్రీలుండి గంటకు 40 కిలోమీటర్ల వేగంతో వీస్తే ఒంటికి మైనస్ 1 లా తగులుతుంది. అందుకే ఛాతీ మీద, వీపు మీద స్మూత్ స్కిన్, అంటే పైన గుడ్డ లేని నున్నటి రబ్బరు ఉన్న సూటు చూడండి. పైన గుడ్డ పొర ఉంటే అది తడి పట్టేస్తుంది, ఆ తడి ఆరుతూ ఒంట్లో వేడి లాగేస్తుంది. స్మూత్ స్కిన్ గోరు తగిలినా చిరుగుతుంది. వేలి కొసలతో కాకుండా వేళ్ళ మెత్తటి భాగంతో పట్టుకుని లాక్కోవాలి. కుట్లు గ్లూ వేసి బ్లైండ్ స్టిచ్ (సూది రబ్బరు అవతలి వైపుకి దిగని కుట్టు) చేసినవై ఉండాలి. ఫ్లాట్‌లాక్ కుట్టు అయితే ఎంత మందం రాసి ఉన్నా అది వేసవి సూటే, ప్రతి సూది రంధ్రంలోంచీ నీళ్ళు వస్తాయి.

జడకుచ్చులు
డ్రైసూట్ ఆలోచన ఉంటే ముందు ఇది చదువు చెల్లీ, షాపుల్లో చెప్పరు. మెడకీ మణికట్లకీ నీళ్ళు రాకుండా బిగుసుకుని ఉండేవి లేటెక్స్ సీళ్ళు, అంటే పల్చటి రబ్బరు పట్టీలు. కొబ్బరినూనె వాటికి విషం. నూనె తలతో సీల్లోంచి దూరితే లేటెక్స్ మెత్తబడి, బంకబంకగా అయి, సాగిపోయి చిరుగుతుంది. సన్‌స్క్రీన్ కూడా అంతే, మెడ దగ్గర రాయొద్దు. దిగే రోజు నూనె లేని జడ వేసుకుని, దాన్ని సీలు పైనుంచే హుడ్‌లోకి దోపు. నాలుగు వెంట్రుకలు సీలు కింద ఇరుక్కున్నా నీళ్ళకి అదే దారి. నల్లపూసలూ మంగళసూత్రం గొలుసూ అంతే. మెడలోంచి తీసి లోపలి ఫ్లీస్ జిప్ జేబులో పెట్టుకో. మెట్టెలు ఉంచుకుంటే డ్రైసూట్ సాక్సు లోపల్నుంచి ఒరుసుకుని చిల్లి పడుతుంది. ఉంగరాలు ఏ సూటులోనూ వద్దు. చలికి వేళ్ళు సన్నబడతాయి, గ్లవ్ లాగితే దాంతోపాటే జారి నీళ్ళలో పడతాయి.

పొడిగుడ్డ
డ్రైసూట్ సీళ్ళు మార్చడం నా వృత్తి, కాబట్టి ఊహించి చెప్పట్లేదు. నవంబరు నుంచి మార్చి దాకా ఆపకుండా అంటున్నారు కాబట్టి డ్రైసూటే. వెట్‌సూట్‌లో ప్రతి పడటానికీ మెడ దగ్గర చన్నీళ్ళు తోసుకొస్తాయి, దాన్ని మళ్ళీ వేడెక్కించాల్సింది మీ ఒళ్ళే. ఓషన్ రోడియో వాళ్ళవి కైటింగ్‌ని దృష్టిలో పెట్టుకుని చేసినవి. కొకటాట్‌వి కయాకింగ్‌వే అయినా, ఆడవాళ్ళ మోడళ్ళలో సూటు మొత్తం విప్పకుండా మూత్రానికి వెళ్ళేలా వెనక డ్రాప్ సీట్ జిప్ దొరుకుతుంది. అది లేని సూటు మీరు కొనకండి. చన్నీళ్ళలో మూత్రం ఎక్కువ తయారవుతుంది. ఆ భయంతో నీళ్ళు తాగడం మానేస్తే ఒంట్లో నీరు తగ్గిపోతుంది.

కొత్త మెడ సీలు పిసికినట్టు ఉంటుంది. మీ మెడంత చుట్టుకొలత ఉన్న గిన్నెకి రాత్రంతా తొడిగి ఉంచండి. అప్పటికీ తల దిమ్ముగా ఉంటే సీలు మీద గీతలుంటాయి, ఒక్క గీత చొప్పున పదునైన కత్తెరతో ఆగకుండా కోయండి. మధ్యలో ఆపి మళ్ళీ మొదలుపెడితే అంచు మీద గాటు పడుతుంది, చిరుగు అక్కడే మొదలవుతుంది. సూటు లోపల మెరినో ఉన్ని, దాని మీద ఫ్లీస్. నూలు బట్ట వద్దే వద్దు. చెమట పట్టుకుని అట్టే ఉండిపోతుంది.

ఉత్తరగాలి
డ్రైసూట్‌కి బోర్డు కింది ఫిన్ తగిలి చీలితే? నీళ్ళు నిండి బండరాయిలా కిందికి లాగేస్తుంది. చలికాలంలో దిగే అమ్మాయికి ఇచ్చే సలహానా ఇది?

పొడిగుడ్డ
ఇదే మాట ప్రతి చలికాలం ఎవరో ఒకరు అంటారు. నీళ్ళలో నీళ్ళకి బరువుండదు. సూటులో నిండినవీ బయట ఉన్నవీ ఒకటే అయినప్పుడు కిందికి లాగేది ఏది? చదివి రాయండి.

ఉత్తరగాలి
చదివే రాశాను. 6/5 రబ్బరు చిరిగినా తేలుతుంది. మీ గుడ్డ సూటు చిరిగితే తేలేది ఏముంది? సీళ్ళు అమ్ముకునేవాళ్ళు ఇంకేం చెప్తారు!

పొడిగుడ్డ
నేను ఎవరికీ ఏదీ అమ్మట్లేదు. ఆ మాట వెనక్కి తీసుకోండి.

వరంగల్_విండ్
ఇద్దరూ జర ఆగుర్రి. కిందికి గుంజుడు ఉత్త మాట, గది పొడిగుడ్డ అన్న చెప్పినట్టే. కానీ లోపలి గాలి పోతే తేలే గుణం పోతది, గది ఉత్తరగాలి అన్న చెప్పినట్టే. అందుకే డ్రైసూట్ మీద తేలే జాకెట్ ఉండాలె. ఉత్త ఇంపాక్ట్ వెస్ట్ (పడ్డప్పుడు ఛాతీకి దెబ్బ తగలకుండ వేసుకునేది) చాలదు, చాలావాటికి తేల్చే బలం తక్కువ ఉంటది. బరువు తెలిసేది ఒడ్డుకు వచ్చినంక, లేవబోతే కాళ్ళల్ల నీళ్ళు ఉంటయి. పండుకుని కాళ్ళు పైకి లేపి, ముందుగాల నీళ్ళు నడుము దిక్కు రానియ్యాలె.

చిరుగుడు కన్నా ఎక్కువ జరిగేది లోపల గాలి మిగులుడు. దిగే ముందు గొంతుక్కూర్చుని, మెడ సీలు కింద వేలు పెట్టి గాలి మొత్తం వెళ్ళగొట్టాలె. లేకుంటే పడ్డప్పుడు గాలంతా పాదాలకు చేరి కాళ్ళు పైకి లేస్తయి, బోర్డు దొరకబట్టుడు కష్టమైతది.

కెనడా ప్రొఫెసర్ గోర్డన్ గీస్‌బ్రెక్ట్ చెప్పే 1-10-1 లెక్క గుర్తుంచుకోర్రి. మొదటి 1 నిమిషం ఊపిరి అదుపుల పెట్టుకునుడు, తర్వాత 10 నిమిషాలు చేతులు పనిచేసుడు, సుమారు 1 గంటకు స్పృహ తప్పుడు. గది సూటు లేకుండ పడ్డోళ్ళ లెక్క. సూటు ఉంటే టైం పెరుగుతది, కానీ వేళ్ళు ముందుగాలనే మొరాయిస్తయి. సెల్ఫ్ రెస్క్యూకు, అంటే ఎవలి సాయం లేకుండ ఒడ్డుకు చేరాలంటే, కైట్ లైన్లు బారుకు (చేతుల పట్టుకునే కడ్డీకి) చుట్టాల్సింది ఆ వేళ్ళతోనే.

హాలిఫాక్స్_అల
వేళ్ళ మాట వచ్చింది కాబట్టి గ్లవ్స్ గురించి. 5 మిల్లీ గ్లవ్స్ వేసుకుని బారు పట్టుకుంటే ప్రతిసారీ రబ్బరుతో కుస్తీ పట్టినట్టే. కాసేపటికి ముంజేతులు రాయిలా బిగుసుకుపోతాయి, తర్వాత చలి లేకపోయినా పట్టు రాదు. 3 మిల్లీ, వేళ్ళు ముందే వంచి కుట్టినవి తీసుకోండి. ఇంకా చలైతే అరచేయి తెరిచి ఉండే మిట్స్. చేతి వెనక భాగం కప్పి ఉంటుంది, అరచేయి నేరుగా బారుని పట్టుకుంటుంది, పట్టు పోదు. దిగే ముందు ఫ్లాస్కులోంచి గోరువెచ్చని నీళ్ళు గ్లవ్స్‌లో పోసుకోండి. ఏ గ్లవ్ కొన్నా ఒడ్డు మీదే కళ్ళు మూసుకుని క్విక్ రిలీజ్ (ప్రమాదంలో కైట్‌ని విడిపించే మీట) తోసి చూడండి. ఆ గ్లవ్‌తో తోయలేకపోతే అది వద్దు.

హుడ్ లేకుండా చేతులు కొంకర్లు పోతున్నాయని ఏడవకండి. ఒళ్ళు చల్లబడితే శరీరం ముందు చేతులకే రక్తం తగ్గిస్తుంది.

కొత్తకైట్_జీలాండ్
చాలా థ్యాంక్స్. సైజు సంగతి ఎవరూ చెప్పలేదు. 6/5 నా తుంటికి సరిపోయేది కొంటే వీపు దగ్గర వదులు, నడుముకి సరిపోయేది కొంటే తుంటి దగ్గరే ఆగిపోతోంది.

జడకుచ్చులు
ఆ వీపు వదులే నీ అసలు సమస్య. నడుము వెనక గుంటలో సూటు ఒంటికి ఆనకపోతే అక్కడ ఒక చెరువు తయారవుతుంది, నువ్వు వంగినప్పుడల్లా ఆ నీళ్ళు బయటికి పోయి కొత్త చన్నీళ్ళు వస్తాయి. మందం 6 అయినా 3 అయినా అప్పుడు ఒకటే. మగవాళ్ళ సూటు చవగ్గా వస్తోందని కొనకు, నీ ఒంటికి ఆ గుంట ఇంకా పెద్దదవుతుంది. ఎత్తూ ఛాతీ కొలతా కలిసిన సైజు ముందు చూడు. ఎస్ అక్షరం ఉన్న పొట్టి సైజులు, అంటే 6ఎస్, 8ఎస్ లాంటివి నీకోసమే. తుంటి దగ్గర ఆగితే కాలికి పాలిథిన్ సంచి తొడుక్కుని ఎక్కించు, మోకాలి వెనక, గజ్జల్లో ముడతలు లేకుండా పైకి తెచ్చాకే భుజాలు వేసుకో. గజ్జల దగ్గర రెండంగుళాలు కిందే వదిలేస్తే భుజాలు లాగుతాయి, సైజు చిన్నదని మోసపోతావు. వేసుకున్నాక గొంతుక్కూర్చో, చేతులు పైకెత్తు. మణికట్టు దగ్గర స్లీవ్ పైకి జారకూడదు.

వరంగల్_విండ్
హార్నెస్ (కైట్‌ను ఒంటికి తగిలించుకునే పట్టీ) కూడా కొత్త సూటు మీదనే వేసి చూసుకో అక్కా. సన్నం నడుము, వెడల్పు తుంటి అంటే వెయిస్ట్ హార్నెస్ కుదురుగనే నిలుస్తది, కానీ 4/3 మీద బిగువుగ ఉన్నది 6/5 మీద బకిల్ దాకా రాదు. ఇంకోటి, సూటు కాలు బూటు పైన ఉండాలె, లోపల కాదు. లోపల దోపితే కాలెంబడి దిగిన నీళ్ళన్నీ బూట్ల నిలుస్తయి.

పొడిగుడ్డ
సెకండ్ హ్యాండ్ గురించి. వెట్‌సూట్ అయితే మోచేయి, మోకాలు, చంక దగ్గర రబ్బరు మడిచి చూడండి. సన్నటి పగుళ్ళు కనిపించినా, పిసికితే గట్టిగా తగిలినా వదిలేయండి. లోపలి గాలి బుడగలు అణిగిపోయి ఉంటాయి. డ్రైసూట్ అయితే సీళ్ళ ధర విడిగా లెక్క వేసుకోండి, పాతవి ఎలాగూ మార్చాలి. లీకు పరీక్ష కొనే ముందే అడగండి. మణికట్టు సీళ్ళలో నీళ్ళ సీసాలు, మెడ సీల్లో బంతి బిగించి, జిప్ వేసి, ఒక సీసా పక్కనుంచి పంపుతో గాలి కొట్టాలి. ఉబ్బాక జిప్ చివరలూ గజ్జల కుట్లూ సబ్బునీళ్ళతో తడిపితే లీకు ఉన్నచోట బుడగలు లేస్తాయి.

ఉత్తరగాలి
సీళ్ళు అమ్ముకుంటారన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. తేలే జాకెట్ లేకుండా డ్రైసూట్ వద్దన్నది మాత్రం వెనక్కి తీసుకోను. ఇంతకీ డ్రైసూట్‌కి ఉండే ఇత్తడి జిప్‌కీ, టిజిప్ కంపెనీ ప్లాస్టిక్ జిప్‌కీ ఒకే మైనం పూయొచ్చా?

పొడిగుడ్డ
జాకెట్ విషయంలో నాకూ అభ్యంతరం లేదు. మైనం ఇత్తడి పళ్ళకే. టిజిప్‌కి వాళ్ళ సిలికాన్ గ్రీజు, అదీ జిప్ మూసుకునే చివర లోపల ఒక్క చుక్క. పళ్ళ పొడవునా పూస్తే ఇసుక అంటుకుంటుంది.