హా. 1-2-8, క. 1-0-0: పాత కరపత్రంలో వెలల పక్కన రెండక్షరాలు

ఓరుగల్లు మట్టెవాడ గల్లీలో పొద్దున నడుస్తుంటే ఒక పాత గూనపెంకల ఇల్లు కూలగొడుతున్నారు. బయట పడేసిన కొయ్య సందుగ మూతకు లోపలివైపు అచ్చు కాగితం ఒకటి అంటించి ఉంది. ఇంటివాళ్లను అడిగి మూతతో సహా తెచ్చుకున్నాను. ఊడబెరికితే చినుగుతుందని అట్లాగే ఉంచి, పక్క నుంచి వెలుతురు పడేట్టు పెట్టి ఫోటో తీస్తే అక్షరాలు తేలాయి. అది పుస్తకాల వెలల పట్టిక. సగం చెదలు తిన్నది, అమ్మినవాళ్ల పేరు పోయింది. శతకాలు, పెద్దబాలశిక్ష, భారత పర్వాలు మాత్రం మిగిలాయి. ప్రతి పుస్తకానికీ రూపాయలు-అణాలు-పైలలో రెండు వెలలు: ‘హా. 0-7-0, క. 0-6-0’, ‘హా. 1-2-8, క. 1-0-0’.

ఫోటో ఇక్కడ పెట్టినప్పుడు ఒక మిత్రుడు ‘క.’ అంటే కలికో బైండు, అంటే గుడ్డ అట్ట అయి ఉంటుందన్నారు. మంచి ఊహే. కానీ కలికో అట్ట పుస్తకానికి వెల ఎక్కువ ఉండాలి కదా, ఇక్కడ ‘క.’ వెలే ప్రతిసారీ తక్కువ. పైగా తేడా ఒకే నిష్పత్తిలో ఉంది. రూపాయికి 16 అణాలు, అణాకు 12 పైలు చొప్పున లెక్కకడితే అంతటా 7కు 6. నిజాం రాజ్యపు హాలీ సిక్కాకూ ఇంగ్లీషువాళ్ల కల్దారుకూ ఉన్న మారకం సరిగ్గా ఇదే: 7 హాలీ రూపాయలు 6 కల్దారు రూపాయలకు సమానం. అంటే ‘హా.’ హాలీ, ‘క.’ కల్దారు. 1-2-8 అనే వింత వెల ఒక కల్దారు రూపాయి అన్నమాట. మద్రాసు, బెజవాడలలో అచ్చయిన పుస్తకం వెల కల్దారులో ఉండేది. ఓరుగల్లులో కొనేవాళ్ల చేతిలో ఉన్నది హాలీ. అందుకే రెండూ వేశారు.

రెండు మాటలూ ఉర్దూ నుంచి వచ్చినవే. ‘హాల్’ అంటే వర్తమానం, హాలీ అంటే ఇప్పుడు చెలామణిలో ఉన్నది. ‘కల్’ అంటే యంత్రం, కల్దార్ అంటే మిషన్ మీద అచ్చయిన నాణెం. హైదరాబాదు నాణేలు చేత్తో కొట్టిన కాలంలో పుట్టిన తేడా ఇది. తర్వాత హాలీ కూడా మిషన్ మీదికే వచ్చింది, అయినా కల్దారు పేరు ఇంగ్లీషు రూపాయికే ఉండిపోయింది. నాకు ఈ కాగితంలో అన్నిటికంటే నచ్చిన సంగతి ఇదే.

కింద తేదీ ‘ఖుర్దాద్ 1350’ అని ఉంది. దీన్ని హిజ్రీ అనుకుంటే 1931 దగ్గరికి పోతాం. కానీ ఖుర్దాద్ ఫసలీ నెల, అంటే నిజాం సర్కారు వాడిన పంటల లెక్క క్యాలెండరులోది. హిజ్రీ అయితే మొహర్రం, రంజాన్ లాంటి పేరుండేది. హైదరాబాదు ఫసలీ సంవత్సరం అక్టోబరులో ఆజూర్ నెలతో మొదలయ్యేది. ఆ మొదటి మూడు నెలలకు 590, జనవరి నుంచి 591 కలపాలి. ఖుర్దాద్ ఏప్రిల్‌లో వచ్చేది కాబట్టి ఇది 1941. పాత రసీదులు, పెండ్లిపత్రికలు చూసేవాళ్లు నెల పేరు చదవకుండా సంవత్సరం లెక్కగట్టకండి.

కరీంనగర్, ఆదిలాబాద్ వైపు పెద్దమనుషుల నోట ‘కల్దారు’ మాట ఇంకా వినిపిస్తుందా? ఏ సందర్భంలో అంటారో, వాక్యం వాక్యంగానే రాయండి. మీ ఇండ్లలో పాత సందుగలుంటే మూతలు కూడా ఒకసారి తెరిచి చూడండి.