మడిపాక్కంలో పాత ఇంటి పునాది కుంగుతోంది: ముందుగా చేయించవలసిన పని ఏది?

చెన్నైలో పళ్ళికరణై చిత్తడి నేలకు దగ్గరగా, మడిపాక్కంలో మా నాన్నగారు కట్టించిన రెండు గదుల ఇంటి విషయమై అనుభవజ్ఞుల సలహా కోరుతున్నాను. అడుగున ఉన్న బంకమట్టి వానాకాలంలో ఉబ్బి, ఎండాకాలంలో కుంచించుకుపోవడంతో, వంటగది కిటికీ మూల నుంచి మెట్లుమెట్లుగా దిగిన బీట ఈ ఏడాది వేలు పట్టేంత వెడల్పయింది. 2015 డిసెంబరు వరదల తరువాత వీధిని ఎత్తు పెంచినందువల్ల మా గుమ్మం దానికన్నా అడుగు కిందికి పోయింది. వాన నీరు బయటికి పోయే దారి లేక గోడ వెంబడే నిలిచి ఇంకుతోంది. డాబా మీది నీరు దిగే గొట్టం, ఇంకుడు గుంత కూడా ఆ మూలనే, గోడకు మూడడుగుల దూరంలోనే ఉన్నాయి. అసలు దోషం అక్కడే ఉందని నా అనుమానం.

గోడ చుట్టూ కాంక్రీటు పోస్తే చాలని మేస్త్రీ అంటున్నారు. ఇంజనీరు మాత్రం పునాది కింద మీటరు చొప్పున, పక్కపక్కన కాకుండా విడివిడిగా తవ్వి కాంక్రీటు నింపాలంటున్నారు. ముందు నీటిని మళ్లించి, బీట మీద గాజు పలక అతికించి కొన్ని నెలలు కదలికను గమనించాకే పునాదిని ముట్టుకోవడం సరైనదా? వీధే ఎత్తుగా ఉన్నప్పుడు ఆ నీటిని ఎక్కడికి మళ్లించాలి? అమ్మ ఆ ఇంట్లోనే ఉంటున్నారు కనుక, అక్టోబరు వానలకు ముందే కనీసం నీటి సంగతైనా తేల్చుకోవాలి. ఇటువంటి నేలలో పని చేయించినవారు దయచేసి తెలియజేయగలరు.