కురువృద్ధుడా, గురువృద్ధుడా?

వలసపిట్ట:
"గురువృద్ధ బాంధవు లనేకుల్ చూచుచుండన్..." నాన్నగారు చదివే పద్యంలోని ఈ తునక రెండు రోజులుగా నాలుక మీద తిరుగుతోంది. దీని ముందు ఏముందో అందడం లేదు. మేముండేది డెట్రాయిట్ దగ్గర. 1980 ఫిబ్రవరి 5న ఇక్కడి జో లూయిస్ అరీనాలో జరిగిన ఎన్‌హెచ్‌ఎల్ (ఇక్కడి వృత్తి హాకీ లీగ్) ఆల్‌స్టార్ ఐస్ హాకీ ఆట గురించి మా అమ్మాయి కోసం తెలుగులో రాస్తున్నాను. ఆటగాళ్లను ఒక్కొక్కరినే పిలుస్తూ వచ్చిన వ్యాఖ్యాత, చివర మిగిలిన గోర్డీ హౌ దగ్గర పేరే పలకలేదు. హార్ట్‌ఫర్డ్ వేలర్స్ నుంచి, యావత్తు హాకీకి ప్రతినిధిగా, అయిదు దశాబ్దాల మహా స్టేట్స్‌మన్, తొమ్మిదో నంబరు అన్నాడు, అంతే. ఆ రోజు వచ్చిన జనం 21,002 మంది. చప్పట్లు ఎంతకీ ఆగలేదు. అదే ఊరి రెడ్ వింగ్స్ జట్టుకు ఆయన 25 సీజన్లు ఆడాడు మరి. ఆ స్టేట్స్‌మన్ దగ్గరే నా కలం ఆగింది. రాజనీతిజ్ఞుడు అంటే శాసనసభ గుర్తుకొస్తుంది. నాన్నగారైతే గురువృద్ధుడు అనేవారేమో అనిపిస్తోంది. ఆ మాట ఉందా?

మత్తేభం:
కురువృద్ధుడమ్మా. గు కాదు, కు. పద్యం నన్నయ సభాపర్వంలోది, భీముడి ప్రతిజ్ఞ. "కురువృద్ధుల్ గురువృద్ధబాంధవు లనేకుల్ చూచుచుండన్ మదో" అని మొదటి పాదం. మీకు రెండో ముక్క మాత్రం గుర్తుండిపోయింది. కు అనడానికి యతే సాక్షి, మొదటి అక్షరంతో జత కలవాల్సిన పద్నాలుగో అక్షరం "కుల్" చూడండి.

పాతప్రతి:
మత్తేభం గారూ, ఆ సాక్ష్యం నిలవదు. క, గ ఒకే వర్గం కదా, గు అని మొదలుపెట్టినా "కుల్"తో యతి చెల్లుతుంది. ప్రాసలో, అంటే రెండో అక్షరంలో, ఉన్నది రేఫ (ర), అది రెండింటికీ సమానమే. కు అని తేల్చేది అర్థం ఒక్కటే. కురువంశపు పెద్దలు ఒక వరస, గురువులూ వృద్ధులైన బంధువులూ మరో వరస. రెండు చోట్లా గు పెడితే చెప్పిందే చెప్పినట్టవుతుంది.

మత్తేభం:
వర్గయతి విషయంలో తొందరపడ్డాను, ఒప్పుకుంటున్నాను. అయినా నన్నయ అక్కడ కుకారాన్ని కావాలనే వేశాడని నా నమ్మకం. అక్షరరమ్యత గురించి అవతారికలో తానే చెప్పుకొన్న కవి. ఆ పాదం పైకి చదవండి. కురు, గురు, అనేకుల్... పళ్లు కొరుకుతున్న భీముడు వినబడతాడు.

గోదారిగట్టు:
మాట కురువృద్ధుడే, సందేహం లేదు. కానీ ఈ సందర్భంలో వాడకండి. ఆ పద్యంలో కురువృద్ధులు చేసిన పని ఏమిటి? "చూచుచుండన్". నిండు సభలో ఆడమనిషికి అంత అవమానం జరుగుతుంటే చూస్తూ కూర్చున్నారు. పత్రికలు రాజకీయ కురువృద్ధుడు అని రాసినప్పుడల్లా నాకు ఆ సభే కళ్ల ముందు మెదులుతుంది. గోర్డీ హౌ చూస్తూ కూర్చోలేదు. 51 ఏళ్ల వయసులో మంచు మీదికి దిగి, ఆ రోజు తాను ఆడిన వేల్స్ జట్టు ఆరో గోలుకు రెయల్ క్లూటియేకి పక్ (ఆట బిళ్ల) అందించాడు. ఆట 6-3తో గెలిచారు.

నిఘంటువు:
భీష్ముణ్ణి సభలోనే వదిలేస్తే ఎలాగండీ? భీష్మపర్వానికి రండి. పది రోజులు సేనాపతి ఆయనే. చక్రం పట్టుకొని కృష్ణుడు రథం మీది నుంచి దూకితే గాని ఆ ముసలాయన విజృంభణ ఎంతటిదో తెలియలేదు. దాన్నే పోతన భాగవతంలో "కుప్పించి యెగసిన" సీసంలో పెట్టాడు. గమనించండి, ఆ పద్యం భీష్ముడి నోట వస్తుంది. తనను చంపడానికి వచ్చినవాడి కుండలాల కాంతిని అంపశయ్య మీద పడుకొని తలుచుకొంటున్నాడు. ఆ చూపు ఉన్నవాడు వృద్ధుడు. అసలు వృద్ధుడూ వృద్ధీ ఒక ధాతువు నుంచి వచ్చినవే. పెరిగినవాడు అని అర్థం, ఉడిగినవాడు అని కాదు.

గోదారిగట్టు:
ధాతువులో పెరుగుదల ఉండవచ్చు, వాడుకలో లేదు. వృద్ధాప్యపు పింఛను అన్నప్పుడు ఎవరికైనా పెరుగుదల తోస్తుందా?

పాతప్రతి:
పోతన మాట వచ్చింది కాబట్టి ఒకటి. "యెగసిన" అనే చదవాలి. "యెగిసిన" అని పాడేవారున్నారు, వింటుంటే బాధ కలుగుతుంది. ఇక అసలు విషయం. నేను గురువృద్ధుడు వైపు వస్తున్నాను. పద్యంలోది కురు అన్న మాట వెనక్కి తీసుకోవడం లేదు. అయితే ఆ రోజు ఎదుటి జట్టులో ఉన్నది 19 ఏళ్ల వేన్ గ్రెట్జ్‌కీ. చిన్ననాటి నుంచి అతనికి ఆరాధ్యుడు ఈ గోర్డీ హౌ. తొమ్మిదో నంబరు దొరకకపోబట్టే 99 వేసుకున్నాడు. ఒక తరం చూసి నేర్చుకున్న మనిషిని గురువృద్ధుడు అంటే తప్పేముంది? మన వలసపిట్ట పొరపాటున పట్టుకున్న తునకే ఇక్కడ అతుకుతుంది.

మత్తేభం:
నిఘంటువులో లేని సమాసం.

నిఘంటువు:
నిఘంటువులో లేకపోవడం నేరం కాదు. అయితే "గురువృద్ధ" నన్నయ దగ్గర బాంధవులకు విశేషణం. దాన్ని విడదీసి "డు" తగిలిస్తే గురువుల్లో వృద్ధుడా, గురువైన వృద్ధుడా? ఆ చిక్కు ముందు విప్పండి. మరో మాట, "అయిదు దశాబ్దాల" అని రాయకండి. 1946 నుంచి 1980 దాకా లెక్క వేస్తే ముప్పై నాలుగేళ్లు నిండవు. అందులోనూ 1971లో మణికట్టు బాధతో ఆట మానేసి, 1973లో ఇద్దరు కొడుకులతో కలిసి హ్యూస్టన్ జట్టులో మళ్లీ దిగాడు. ఆయన అడుగుపెట్టినవి అయిదు దశకాలు. నలభైలు, యాభైలు, అరవైలు, డెబ్భైలు, ఎనభైలు. దశాబ్దం పదేళ్ల నిడివి, దశకం పంచాంగంలో గడి.

గోదారిగట్టు:
దశకం అంటే పది పద్యాల కూర్పు కూడా. ఈ తేడా పత్రికలు పెట్టుకున్నది, కవులు పాటించింది కాదు.

వలసపిట్ట:
అందరికీ నమస్కారాలు. దశకాలు అని దిద్దుకున్నాను, ఆ లెక్క నాకు నచ్చింది. స్టేట్స్‌మన్ దగ్గర ఇంకా ఖాళీ వదిలాను. రాత్రి మా అమ్మాయికి పాదం చదివి వినిపిస్తే, "వాళ్ల పేర్లు కూడా చెప్పలేదు కదమ్మా" అంది. అప్పుడు "పెద్దాయన" అనే మాట తట్టింది. మా ఊళ్లో పేరు పలకకూడని మనిషిని అలాగే అనేవారు. అయిదు దశకాల పెద్దాయన, తొమ్మిదో నంబరు. ఎలా ఉంది?

గోదారిగట్టు:
అమ్మాయికి నా ఆశీస్సులు. బాగుంది. మా ఇంట్లో తాతగారు ఒక్కరికే ఆ మాట.

మత్తేభం:
బాగుంది గానీ "మహా" ఎక్కడ పోయింది? మహాపెద్దాయన అనలేం, సంస్కృతం మాటకు తెలుగు మాట అతికిన వైరిసమాసం. నన్నయకు ఈ ఇబ్బంది రాలేదు, కురువృద్ధుల్ అని ఒక్క పట్టున అనేశాడు. పాతప్రతి గారూ, మీ దగ్గరి ప్రతిలో అక్కడ "చూచుచుండన్" అనే ఉందా, "చూచుచుండం" అని సున్న ఉందా?