ఐఎస్‌ఎల్ 2021–22 డేటాతో ఆటగాళ్ళకు ర్యాంకులు ఇవ్వాలి, లెక్కలు ఎక్కడ తప్పుతున్నాయి?

ప్రశ్న

అందరికీ నమస్కారం. నేను వరంగల్‌లో డిగ్రీ ఫైనలియర్, స్టాటిస్టిక్స్ చదువుతున్నాను. ప్రాజెక్టుకి ఇండియన్ సూపర్ లీగ్ 2021–22 సీజన్ తీసుకున్నాను. హైదరాబాద్ ఎఫ్‌సీ కప్పు గెలిచిన సీజన్ కాబట్టి ఎలాగూ ఇష్టం. పైగా ఆ సీజన్ 115 మ్యాచ్‌ల డేటాను స్టాట్స్‌బాంబ్ సంస్థ ఉచితంగా పెట్టింది. ప్రతి పాసూ, ప్రతి షాటూ అందులో ఉన్నాయి. పైథాన్‌లో లోడ్ చేసుకున్నాను గానీ వచ్చిన ఫలితాలు ఏవీ నమ్మబుద్ధి కావట్లేదు.

ఫైనల్ 1–1తో ముగిసి పెనాల్టీల్లో తేలింది కదా, నా లెక్కలో హైదరాబాద్‌కి 4, కేరళ బ్లాస్టర్స్‌కి 2 గోల్స్ వస్తున్నాయి. ఇంకొన్ని మ్యాచ్‌ల్లో అసలు స్కోరు కంటే ఒక గోల్ తక్కువ చూపిస్తోంది. పాస్ ఫలితం చెప్పే కాలమ్ చాలా వరుసల్లో ఖాళీగా ఉంది. ఎలాగోలా పాస్ శాతం తీస్తే పైన అంతా సెంటర్ బ్యాక్‌లే (వెనక మధ్యలో ఆడే డిఫెండర్లు). ట్యాకిల్స్ (ప్రత్యర్థి దగ్గర నుంచి బంతి లాక్కోవడం) ఎక్కువ ఉన్నవాడే మంచి డిఫెండరా అన్నదీ అనుమానమే. వైవా వచ్చే నెలలో ఉంది, టెన్షన్‌గా ఉంది. ఎక్కడి నుంచి సరిచేసుకోవాలో చెప్పగలరా?

మొదటి జవాబు

తమ్ముడూ, ముందు డేటా సంగతి తేల్చుకుందాం, ర్యాంకులు తర్వాత. నీ ఫైల్‌లో తప్పేం లేదు.

ఫైనల్ లెక్క షూటౌట్ వల్ల పెరిగింది. ఆ డేటాలో పీరియడ్ అనే కాలమ్ ఉంటుంది. 1, 2 మామూలు సగాలు, 3, 4 అదనపు సమయం, 5 అంటే షూటౌట్. 2022 మార్చి 20న ఫతోర్డాలో హైదరాబాద్ షూటౌట్ 3–1తో గెలిచింది. ఆ మూడూ ఒకటీ నీ గోల్స్‌లో కలిసిపోయి 4–2 అయింది. పీరియడ్ 5 వరుసలన్నీ తీసేయ్. లేకపోతే హైదరాబాద్ గోల్‌కీపర్ కట్టిమణి షూటౌట్‌లో ఆపిన కిక్‌లు కూడా మామూలు సేవ్‌లలో చేరిపోతాయి.

తక్కువ వస్తున్నవి చాలావరకు ఓన్ గోల్స్, అంటే పొరపాటున సొంత గోల్‌లోకే వేసుకున్నవి అయి ఉంటాయి. వాటిని షాట్‌గా రాయరు, విడిగా ఒక ఈవెంట్‌గా రాస్తారు. అదీ రెండు వరుసల్లో ఉంటుంది, వేసుకున్న జట్టుకి ఒకటి, లాభపడిన జట్టుకి ఒకటి. ఒక్కదాన్నే లెక్కపెట్టాలి.

పాస్ ఫలితం ఖాళీగా ఉందంటే ఆ పాస్ సరిగ్గా చేరిందని అర్థం. తప్పిపోయినవాటికే ఫలితం రాస్తారు. ఖాళీ వరుసలని తీసేశావంటే మంచి పాస్‌లన్నీ పోతాయి.

ఇంకొకటి, రెండో సగంలో దిశ తిప్పాల్సిన పని లేదు. మైదానం 120 పొడవు, 80 వెడల్పుగా తీసుకుని, ఏ జట్టు బంతి ఆడుతుంటే ఆ జట్టు ఎప్పుడూ ఎడమ నుంచి కుడికి దాడి చేస్తున్నట్టే రాస్తారు. 80 దాటితే చివరి మూడో భాగం. 102 దాటి, అడ్డంగా 18కీ 62కీ మధ్య ఉంటే పెనాల్టీ బాక్స్.

115 మ్యాచ్‌ల స్కోర్లూ మ్యాచ్‌ల ఫైల్‌లో విడిగా ఉంటాయి. నీ లెక్కతో అన్నీ సరిపోయేదాకా ముందుకు పోవద్దు. వైవాలో మొదట అడిగేది కూడా అదే కావచ్చు.

రెండో జవాబు

పైన చెప్పినదానికి కొనసాగింపుగా రాస్తున్నాను. నువ్వు తీసిన ప్రతి సంఖ్యనీ ఒక్క ప్రశ్న అడుగు: ఎన్ని అవకాశాల్లో ఇది వచ్చింది? ఈ రంగంలో జరిగిన పెద్ద పొరపాట్లు చాలా ఈ ప్రశ్న వదిలేయడం వల్లే జరిగాయి.

ఇంగ్లండ్‌లో చార్లెస్ రీప్ అనే వైమానిక దళ అధికారి 1950లో స్విండన్ టౌన్ మ్యాచ్ చూస్తూ ప్రతి దాడినీ కాగితం మీద రాసుకోవడం మొదలుపెట్టాడు. దశాబ్దాల పాటు రాశాడు. ఎక్కువ గోల్స్ మూడు లేదా అంతకంటే తక్కువ పాస్‌ల తర్వాతే వస్తున్నాయని తేల్చాడు. కాబట్టి బంతిని వెంటనే ముందుకు కొట్టాలన్నాడు. అక్కడి కోచింగ్‌లో పొడవు బంతుల ఆటకి ఆ మాట చాలా ఏళ్ళు బలమిచ్చింది. కానీ ఫుట్‌బాల్‌లో అత్యధిక దాడులు మూడు పాస్‌ల లోపే ముగిసిపోతాయి. అలాంటప్పుడు గోల్స్ కూడా అక్కడే ఎక్కువ కనిపిస్తాయి. మూడు పాస్‌ల దాడులు ఎన్ని జరిగాయి, వాటిలో ఎన్ని గోల్స్ అయ్యాయి, ఆరేడు పాస్‌ల దాడులు ఎన్ని, వాటిలో ఎన్ని అని చూస్తే బొమ్మ మారిపోతుంది. ఆయన శ్రమ మీద నాకు ఎంతో గౌరవం ఉంది, కంప్యూటర్ లేని రోజుల్లో అంత డేటా ఎవరు కూడబెట్టగలరు! భాగహారం ఒక్కటే తప్పింది.

నీ ట్యాకిల్స్ సమస్య కూడా ఇదే. ప్రత్యర్థి దగ్గర బంతి ఉంటేనే కదా ట్యాకిల్ చేసేది. ఊహకి రెండు జట్లు తీసుకో. ఒకదాని దగ్గర మ్యాచ్‌లో 70 శాతం బంతి ఉంటుంది, దాని మిడ్‌ఫీల్డర్‌కి మ్యాచ్‌కి 2.5 ట్యాకిల్స్. ఇంకోదాని దగ్గర 40 శాతమే, దాని మిడ్‌ఫీల్డర్‌కి 4. చూడగానే రెండోవాడే మెరుగు. కానీ మొదటివాడికి ప్రత్యర్థి బంతితో ఉన్న సమయం 30 శాతమే, రెండోవాడికి 60. ఇద్దరికీ ప్రత్యర్థి వాటా 50 శాతం అనుకుని మారిస్తే మొదటివాడికి 4.2, రెండోవాడికి 3.3 వస్తుంది. నీ డేటాలో ఇంకా సూటిగా చేయొచ్చు: ఆ ఆటగాడు మైదానంలో ఉన్నప్పుడు ప్రత్యర్థి ఆడిన ప్రతి 100 పాస్‌లకు ఎన్ని ట్యాకిల్స్, ఇంటర్‌సెప్షన్స్ (పాస్‌ని దారిలోనే అడ్డుకోవడం) అని తియ్యి. మిడ్‌ఫీల్డర్ ఎంగోలో కాంటేని 2015–16లో ఇంగ్లండ్ క్లబ్బు లెస్టర్‌లో చూసినవాళ్ళకి ఇదే సందేహం ఉండేది, లెస్టర్ బంతి తక్కువగా పట్టుకునే జట్టు కాబట్టే అన్ని ట్యాకిల్స్ వస్తున్నాయేమోనని. మరుసటి ఏడాది చెల్సీకి వెళ్ళి అక్కడా టైటిల్ గెలిచాడు, ఆ సీజన్ ఉత్తమ ఆటగాడిగా తోటి ఆటగాళ్ళే ఎన్నుకున్నారు.

గోల్స్‌ని మ్యాచ్‌లతో కాకుండా ఆడిన నిమిషాలతో భాగించి 90కి లెక్కకట్టు. ఫైనల్‌కి అదనపు సమయం 30 నిమిషాలు ఉంది, మరిచిపోవద్దు. లీగ్ దశలో జట్టుకి 20 మ్యాచ్‌లే కాబట్టి కనీసం 700 నిమిషాలు ఆడినవాళ్ళనే ర్యాంకుల్లో ఉంచు. లేకపోతే చివర్లో సబ్‌గా వచ్చి ఒక గోల్ కొట్టినవాడు పట్టిక పైన కూర్చుంటాడు.

పెనాల్టీలు మాత్రం తప్పకుండా విడదీయాలి. ఇంగ్లండ్ ప్రీమియర్ లీగ్ 2020–21లో చెల్సీ టాప్ స్కోరర్ జోర్జిన్యో, 7 గోల్స్. ఏడూ పెనాల్టీలే! ఆ సీజన్‌లోనే చెల్సీ చాంపియన్స్ లీగ్ గెలిచింది. గోల్స్ పట్టిక ఒక్కటే చూసినవాడికి జోర్జిన్యో స్ట్రైకర్ అనిపిస్తాడు, నిజానికి మిడ్‌ఫీల్డ్‌లో బంతి తిప్పే ఆటగాడు.

అడిగినవారు

చాలా థాంక్స్ అన్నా, స్కోర్లన్నీ ఇప్పుడు సరిపోయాయి. ఒక సందేహం. ఆ సీజన్‌లో హైదరాబాద్ తరఫున ఒగ్బెచే 18 గోల్స్‌తో గోల్డెన్ బూట్ (అత్యధిక గోల్స్ బహుమతి) తీసుకున్నాడు. ఉత్తమ ఆటగాడి బహుమతి మాత్రం 10 గోల్స్, 10 అసిస్టులు ఉన్న జంషెడ్‌పూర్ ఆటగాడు గ్రెగ్ స్టీవర్ట్‌కి ఇచ్చారు. వీళ్ళిద్దర్నీ పోల్చడం ఎలా? షాట్ పక్కన ఉన్న ఎక్స్‌జీ అనే సంఖ్య దీనికి పనికొస్తుందా?

రెండో జవాబు ఇచ్చినవారు

పనికొస్తుంది. ఎక్స్‌జీ, అంటే ఎక్స్‌పెక్టెడ్ గోల్స్: అలాంటి చోటు నుంచి, అలాంటి పరిస్థితిలో కొట్టిన షాట్ గోల్ అయ్యే అవకాశం. పెనాల్టీకి సుమారు 0.78. బాక్స్ బయట దూరం నుంచి కొట్టే షాట్లు చాలావరకు 0.05 కూడా దాటవు. స్టాట్స్‌బాంబ్ లెక్కలో షాట్ కొట్టే క్షణాన గోల్‌కీపర్, డిఫెండర్లు ఎక్కడున్నారో కూడా చూస్తారు, అందుకే దూరం ఒక్కటే చూసే మోడళ్ళ కంటే దీన్ని నమ్మొచ్చు.

ఒగ్బెచేకి పెనాల్టీలు తీసేసి గోల్స్, పెనాల్టీలు తీసేసి ఎక్స్‌జీ, రెండూ 90 నిమిషాలకు పక్కపక్కన పెట్టు. స్ట్రైకర్‌లో నేను ముందు చూసేది ఎక్స్‌జీనే. మంచి చోటికి మళ్ళీ మళ్ళీ చేరడం అనే నైపుణ్యం ఏటేటా నిలుస్తుంది. ఎక్స్‌జీ కంటే ఎక్కువ గోల్స్ కొట్టడం చాలామందికి నిలవదు. లెక్క చెప్తాను: ఒక్కొక్కటీ 0.1 విలువున్న 100 షాట్లు కొట్టే ఆటగాడికి సగటున 10 గోల్స్ రావాలి. నైపుణ్యం ఏమీ మారకుండానే, ఒట్టి అదృష్టం వల్ల ఆ సంఖ్య 7 నుంచి 13 దాకా తేలిగ్గా ఊగుతుంది. అలాంటి నాలుగు సీజన్లు ఆడితే సుమారు మూడు ఆ హద్దుల్లో ఉంటాయి, ఒకటి బయటికి పోతుంది. మీ సబ్జెక్టే కదా, బైనోమియల్ పంపిణీతో నువ్వే చూసుకోవచ్చు. ప్రాజెక్టులో ఈ ఊగిసలాటను ర్యాంకు పక్కన చూపించు. ఒకటో ర్యాంకుకీ నాలుగో ర్యాంకుకీ తేడా దానికన్నా చిన్నదైతే, ఇద్దరూ సమానమేనని ధైర్యంగా రాయి.

స్టీవర్ట్‌కి అసిస్టులు చాలవు. పాస్ ఎంత బాగున్నా ముందున్నవాడు గోల్ కొట్టకపోతే అసిస్టు రాదు. షాట్ వరుసలో దానికి ముందు పాస్ ఏదో సూచించే నంబరు ఉంటుంది. దాన్ని పట్టుకుని, ఆ షాట్ ఎక్స్‌జీని పాస్ ఇచ్చినవాడి ఖాతాలో వెయ్యి. కార్నర్లు, ఫ్రీకిక్‌లు విడిగా, ఆట నడుస్తుండగా వచ్చినవి విడిగా పెట్టు. ఇద్దర్నీ ఒకే మార్కుకి కుదించి ఎవరు గొప్ప అని తేల్చకు. ఒకరి పని ముగించడం, ఇంకొకరి పని సృష్టించి కొంత ముగించడం కూడా. ఒక్కొక్కర్ని అదే పని చేసేవాళ్ళతో పోల్చు. నీ పాస్ శాతం సమస్యకీ మందు ఇదే. సెంటర్ బ్యాక్‌లని సెంటర్ బ్యాక్‌లతోనే పెట్టి, అందులోనూ చివరి మూడో భాగంలోకి, బాక్స్‌లోకి చేర్చిన పాస్‌లు ఎన్నో చూడు.

మరో సభ్యురాలు

నేను పిల్లలకు ఫుట్‌బాల్ కోచింగ్ ఇస్తాను. జట్ల గురించి ఎవరూ చెప్పలేదు కాబట్టి రాస్తున్నాను బాబూ.

స్కోరు ఏ స్థితిలో ఉందో చూడకుండా షాట్ల సంఖ్య చూడొద్దు. 2014 ప్రపంచకప్ సెమీస్‌లో జర్మనీ 7–1తో బ్రెజిల్‌ని కొట్టిన మ్యాచ్‌లో ఎక్కువ షాట్లు బ్రెజిల్‌వే. అరగంట కాకముందే 5–0 అయిపోయింది. ఆ తర్వాత ఓడుతున్నవాళ్ళు కొడుతూనే ఉంటారు, గెలుస్తున్నవాళ్ళు ఆగుతారు. అందుకే జట్టు ఎక్స్‌జీని స్కోరు సమంగా ఉన్నప్పుడు, ముందున్నప్పుడు, వెనకున్నప్పుడు అని మూడుగా విడగొట్టు. నేను ఎక్కువ నమ్మేది సమంగా ఉన్నప్పటి భాగం.

పట్టిక కూడా ఒక్కోసారి ఆటని ఆలస్యంగా చూపిస్తుంది. ప్రీమియర్ లీగ్ క్లబ్బు బ్రైటన్ 2020–21లో 40 గోల్స్ కొట్టి, 46 ఇచ్చి, 41 పాయింట్లతో 16వ స్థానంలో ఉంది. ఎక్స్‌జీ లెక్కలో మాత్రం పై సగంలో ఉండాల్సిన జట్టు. క్లబ్బు కంగారుపడి కోచ్‌ని మార్చలేదు. మరుసటి ఏడాది 9వ స్థానం, ఆ తర్వాత 6వ స్థానం. నీ సీజన్‌లో జంషెడ్‌పూర్ 43 పాయింట్లతో లీగ్ దశలో మొదటిది, హైదరాబాద్ 38తో రెండోది, కప్పు మాత్రం హైదరాబాద్‌ది. 20 మ్యాచ్‌ల ఎక్స్‌జీ తేడా ఈ రెండు జట్ల గురించి ఏం చెప్తోందో ఒక అధ్యాయమే రాయొచ్చు.

ఇంకో ముఖ్యమైన సంగతి. డేటాలో హోమ్ జట్టు, అవే జట్టు అని ఉంటుంది, దాన్ని చూసి సొంత మైదానం ప్రభావం లెక్కకట్టకు. కోవిడ్ వల్ల ఆ సీజన్ అంతా గోవాలోనే, ఫతోర్డా, బాంబోలిమ్, వాస్కో మైదానాల్లోనే జరిగింది. లీగ్ మ్యాచ్‌లకి ప్రేక్షకులు లేరు. పేరుకే హోమ్. ఇది లోపం కాదు, నీకు కలిసొచ్చేదే. మామూలు సీజన్లలో సర్దుబాటు చేయాల్సిన ఒక అంశం ఇక్కడ దానంతట అదే తగ్గిపోయింది.

అడిగినవారు

మేడమ్, హోమ్ సంగతి నాకు తట్టనే లేదు, చాలా థాంక్స్. ఆఖరిగా ఒకటి. గోల్‌కీపర్లకు ఏం వాడాలి? గోల్ ఇవ్వని మ్యాచ్‌ల సంఖ్య సరిపోతుందా? కట్టిమణిని ఫైనల్ షూటౌట్ బట్టి పైన పెట్టాలని మనసు లాగుతోంది.

అదే సభ్యురాలు

సరిపోదు. గోల్ ఇవ్వని మ్యాచ్ మొత్తం డిఫెన్స్ సంపాదన. ముందున్న నలుగురు షాటే రానివ్వకపోతే కీపర్ చేయడానికేముంది. గోల్ వైపు సూటిగా వచ్చిన షాట్లు మాత్రమే తీసుకుని, పెనాల్టీలు పక్కనపెట్టి, వాటి ఎక్స్‌జీ మొత్తంతో ఇచ్చిన గోల్స్‌ని పోల్చు. ఆ ఎక్స్‌జీ బంతి కొట్టకముందు లెక్క కాబట్టి మూలకి కొట్టిన షాట్‌కీ నేరుగా చేతుల్లోకి వచ్చినదానికీ తేడా చూపదు, సూటి షాట్లకి సహజంగానే తక్కువ చెప్తుంది. అందుకే వచ్చిన తేడాని నేరుగా మార్కుగా ఇవ్వకు. లీగ్‌లో కీపర్లందరికీ అదే లెక్క తీసి, సగటుతో పోల్చు. బంతి గోల్‌లో ఏ ఎత్తున, ఏ మూలకి వెళ్ళిందో కూడా డేటాలో ఉంది, ఓపిక ఉంటే మూలలకి వచ్చిన షాట్లు విడిగా చూడు.

కట్టిమణి ఆ రాత్రి చేసింది ఎవరూ మరిచిపోరు, నేనూ మరిచిపోను. కానీ అవి కొద్ది కిక్‌లు మాత్రమే, సీజన్ నైపుణ్యానికి కొలత కావు. దాన్ని ర్యాంకులో కలపకుండా ఫైనల్ గురించి రాసే పేరాలో పెట్టు. కీపర్ల పట్టికకి కూడా 700 నిమిషాల హద్దు పెట్టడం మరిచిపోకు, మధ్యలో మారిన కీపర్లు ఉంటే నిమిషాలు సబ్‌స్టిట్యూషన్ వరుసల నుంచి తీసుకోవాలి.