రోజేషియా అంటే ముఖం ఎర్రబడి తీరాలా?

వేపనీడ:
మూడేళ్లుగా బుగ్గల మీద, ముక్కు మీద సెగ. ఎండలోంచి వచ్చినా, వేడిగా ఏదైనా తాగినా, టెన్షన్ పడినా ముఖం చుర్రుమంటుంది. అప్పుడప్పుడు చిన్న పొక్కులు లేస్తాయి. మొటిమల క్రీమ్ రాస్తే ఇంకా మండింది. ఒక డాక్టర్‌గారు ఇది రోజేషియా అనే దీర్ఘకాలిక చర్మవ్యాధి అన్నారు. నాది చామనచాయ, ఎరుపే లేదు కాబట్టి కాదని ఇంకొకరన్నారు. ఎవరి మాట వినాలి?

తూరుపుగాలి:
రెండో ఆయన మాట కొట్టిపారేయకండి. పడని సబ్బు వాడినా మంటే, ఎలర్జీ వచ్చినా మంటే. ఎరుపు చూడకుండా పేరు పెట్టేస్తే, మండే ప్రతి ముఖానికీ రోజేషియా మందులే రాస్తారు.

వెన్నెలమెట్టు:
ఎరుపు లేకపోవడం వేరు, కనబడకపోవడం వేరు అండి. రక్తనాళాలు విప్పారినా, రంగునిచ్చే మెలనిన్ ఎక్కువున్న చర్మంలో ఆ ఎరుపు ముదురు గోధుమ రంగులోనో వంకాయ రంగులోనో కలిసిపోతుంది. మామూలు కంటికి అందదు, చర్మాన్ని పెద్దదిగా చూపే డెర్మోస్కోప్‌తో చూస్తే సన్నని నాళాలు దొరకొచ్చు. అయినా 2017లో సవరించిన ప్రమాణాల ప్రకారం ఎరుపు ఒక్కటే దారి కాదు. ముఖం ఉండుండి వేడెక్కి కందడం, పొక్కులు, నాళాలు తేలడం, కంటి ఇబ్బంది, వీటిలో రెండున్నా నిర్ధారణకు సరిపోవచ్చు. మీ పొక్కుల మధ్య బ్లాక్‌హెడ్స్ ఉన్నాయా? రోజేషియాలో అవి ఉండవు. మొటిమలతో తేడా తెలిసేది అక్కడే.

తూరుపుగాలి:
ప్రమాణాల సంగతి ఒప్పుకుంటాను. కానీ ఒకటి అడగాలి. ముఖానికి స్టెరాయిడ్ క్రీమ్ ఏమైనా రాశారా? నాకు తెలిసినవాళ్లు రాశారు. రాసినన్నాళ్లూ తగ్గింది, మానేయగానే రెట్టింపైంది. అదీ అచ్చం రోజేషియాలాగే ఉంటుంది. అందుకే ముందు పేరు తేల్చాలంటున్నాను.

వెన్నెలమెట్టు:
ఆ ప్రశ్న తప్పకుండా అడగాల్సిందే, అందులో మీతో తగాదా లేదు. నా బాధల్లా ఒక్కటే. రంగు చూసి కాదనేస్తే ఏళ్లు గడిచిపోతాయి. ఈలోగా కొందరికి ముక్కు చర్మం దళసరి ఎక్కుతుంది, అది క్రీములతో వెనక్కి రాదు. పొక్కుల దశలోనే పట్టుకుంటే మెట్రోనిడజోల్, ఐవర్‌మెక్టిన్, అజెలాయిక్ యాసిడ్ లాంటి పూతలున్నాయి. వీటితో పాటు రోజూ సన్‌స్క్రీన్ రాయాలి.

వేపనీడ:
బ్లాక్‌హెడ్స్ లేవు. స్టెరాయిడ్ ఎప్పుడూ రాయలేదు. పొద్దున లేవగానే కళ్లలో ఇసుక పడ్డట్టు గరగరలాడతాయి. దానికీ దీనికీ సంబంధం ఉంటుందనుకోలేదు, ఇద్దరు డాక్టర్లకూ చెప్పలేదు. ఈసారి ముందు అదే చెబుతాను.